సొట్టలు, గీతలు: పాత కారుకు ఇంటి వైద్యం

మా కోస్గి నుంచి కొడంగల్ వైపు గానీ, నారాయణపేట వైపు గానీ కారులో పోయినవారికి సర్కారు తుమ్మ సంగతి చెప్పనక్కరలేదు. ఎదురుగా కందికట్టె బండి వచ్చిందంటే మనం పక్కకు దిగాలి, దిగితే ముండ్లు తలుపులను గీరక మానవు. మా నాయన అంబాసిడర్‌కు ఆ గీతలు లేని పక్కే లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనా మీద ఉత్తరపారాలో 1957 మొదలు 2014 దాకా తయారైన బండి అది. కొత్తది ఇక రాదు. పైగా సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు ముగుస్తుంది. తర్వాత ఐదేండ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. తుప్పు తిన్న బండితో అక్కడికి పోవడం ఎంత ఇబ్బందో వేరే చెప్పాలా?

ముందు గీత లోతు చూడాలి. గోరుతో అడ్డంగా గీస్తే గోరు తట్టుకోకపోతే అది పైపై గీత. రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తగా రుద్దితే పోతుంది. అయితే అంచుల దగ్గర జాగ్రత్త, అక్కడ రంగు పలుచన. గోరు తట్టుకుని అడుగున రేకు మెరిస్తే మాత్రం ఆలస్యం చేయరాదు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఎడమ మడ్‌గార్డు మీద తుప్పు పైననే పుట్టీ మెత్తి, రంగు కొట్టి, పని అయిందని మురిసిపోయాను. మరుసటి వానాకాలానికి అంతా బొబ్బలు! కారణం రసాయనశాస్త్రం చదివిన మిత్రులకు తెలిసిందే. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది, పైపొరను అదే ఎత్తి పడేస్తుంది. కాబట్టి తెల్లటి రేకు కనపడేదాకా గీకాలి, అదే రోజు ప్రైమర్ కొట్టాలి. రాత్రి మంచు తగిలితే మళ్లీ మొదటికే.

ఇక సొట్ట. రేకును కొంతవరకు వంచితే తనంతట తాను వెనక్కి వస్తుంది, స్థితిస్థాపక హద్దు దాటితే రాదు. తలుపు మధ్యలో లోతు తక్కువ సొట్టయితే లోపలినుంచి అరచేత్తో నెడితే టప్పున లేస్తుంది. మడత పడ్డదానికి సుత్తె, డాలీ కావాలి. చాలామంది నేరుగా గుంట నడుమ మోదుతారు, అది పొరపాటు. దెబ్బ తగిలినప్పుడు చుట్టూ లేచిన గట్టు ఆఖరున ఏర్పడింది గనుక దాన్ని ముందు దించాలి. డాలీని గుంట వెనుక నొక్కిపట్టి, సుత్తెతో గట్టు మీద చిన్నచిన్న దెబ్బలు వేయాలి. డాలీకి ఎదురుగానే అదే పనిగా కొడితే రేకు సాగి బుడగలా ఉబ్బుతుంది. దాన్ని దించడం డెంటింగ్ మేస్త్రీకే చెల్లు.

మిగిలిన పల్లానికి పుట్టీ. గట్టిమందు కలిపే పాలిస్టర్ పుట్టీని మన ఎండల్లో కొంచెం కొంచెమే కలపాలి, నిమిషాల్లో బిగుసుకుంటుంది. అది నీళ్లు పీలుస్తుంది గనుక 180, 220 కాగితంతో పొడిగానే రుద్దాలి. ముక్కుకు గుడ్డ తప్పనిసరి, పాత రంగుల్లో సీసం కూడా ఉండవచ్చు. ప్రైమర్ ఆరిన తర్వాత 400, 600 వాటర్ పేపర్ తడిపి వాడవచ్చు.

రంగుకు ఎండ కాగకముందు ఉదయం మేలు. మిట్టమధ్యాహ్నం కొడితే థిన్నర్ దారిలోనే ఆవిరై రంగు గరుకుగా పడుతుంది. ముసురులో కొడితే థిన్నర్ ఆవిరయ్యేటప్పటి చల్లదనానికి గాలిలోని తేమ పేరుకుని తెల్లటి పొగ కమ్ముతుంది.

ఒక్కమాట: తలుపుల కింది పట్టీలో స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయిందా, పుట్టీ ముట్టవద్దు. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు, ఆ రేకులే బరువు మోస్తాయి. అక్కడ కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించవలసిందే.

మా మడ్‌గార్డును ఈ ఏడు మళ్లీ రేకుదాకా గీకి చేశాను. బొబ్బలు రాలేదు గానీ రంగు కొంచెం కలవలేదు. నాయన బండిని ఆ పక్క గోడవైపు ఉండేటట్టు నిలుపుతున్నాడు.