తావు మారిన మల్లె

పాఠ్యభాగ పరిచయం

మొక్కను ఒకచోటి నుండి పెకలించి మరొకచోట నాటడానికి వానాకాలం అనువైనది. అయినా వేసవిలోనే ఆ పని చేయక తప్పని సందర్భాలు కలుగుతాయి. అటువంటి మొక్క ఎందుకు వాడుతుందో, ఎట్లా కోలుకుంటుందో ఈ పాఠం తెలుపుతుంది.

పాఠ్యభాగం

తెలుగువారి పెరట్లో గుండుమల్లెకు ప్రత్యేక స్థానం ఉంది. అది బహువార్షిక మొక్క. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి పూస్తుంది. తల్లి నాటిన పొద కూతురి పెళ్ళినాటికీ పూలిస్తుంది. అందువల్ల ఇల్లు మారేవారికి దానిని విడిచిపోవడానికి మనసొప్పదు. బడులకు సెలవులిచ్చే వేసవిలోనే చాలా కుటుంబాలు ఇల్లు మారుతాయి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, పూతమీద ఉన్న పొదకు స్థానచలనం కఠిన పరీక్షే.

నాటిన మరునాటికే ఆకులు వేలాడతాయి. నీరు చాలలేదనుకొని ఇంటివారు బిందెలకొద్దీ పోస్తారు. అప్పటికీ తేరుకోకపోతే ఎరువు వేస్తారు. ప్రేమతో చేసే ఈ రెండు పనులే తరచు మొక్క ప్రాణం తీస్తాయి.

నేలలోని నీటిని ప్రధానంగా పీల్చేవి లావు వేళ్ళు కావు; పిల్లవేళ్ళ కొనలకు సమీపంలో ఉండే మూలకేశాలు. తవ్వేటప్పుడు అవి చాలావరకు తెగిపోతాయి. ఆకులు మాత్రం నీటిని ఆవిరిగా విడుస్తూనే ఉంటాయి. దీనినే బాష్పోత్సేకం అంటారు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హేల్స్ కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను తూచి, ఇట్లా పోయే నీటిని లెక్కగట్టాడు. ఆ ఫలితాలను 1727లో గ్రంథరూపంలో ప్రకటించాడు. మొక్క పీల్చే నీటిలో నూటికి 90 పాళ్ళకు మించి ఆవిరైపోతుంది. వేళ్ళు తెగిన మొక్క, రాబడి పడిపోయినా ఖర్చు తగ్గని సంసారం వంటిది.

కాబట్టి ముందుగా ఖర్చు తగ్గించాలి. పొదను సాయంకాలం, వేళ్ళచుట్టూ ఉన్న మట్టిగడ్డ చెదరకుండా నాటి, ఒకసారి లోతుగా తడపాలి. పడమటి ఎండ తగలకుండా, గాలి ఆడేటట్లు తాటాకులతోగాని కొబ్బరాకులతోగాని నీడ కల్పించాలి. పూలను, మొగ్గలను తుంచివేయాలి. ఆకులను మాత్రం దూయరాదు. కొత్త వేళ్ళకు ఆహారం సమకూర్చేవి అవే. మొదలు చుట్టూ 2 అంగుళాల మందాన ఎండుటాకులు పరచాలి. అవి కాండానికి తగలరాదు.

నీరు పోసేముందు 2 అంగుళాల లోతున వేలు గుచ్చి చూడాలి. తడి ఉంటే ఆగాలి. నీరు నిలిచిన మట్టిలో ప్రాణవాయువు చాలక వేళ్ళు కుళ్ళుతాయి. ఎరువులోని లవణాలు నేలలో ఎక్కువైతే వేళ్ళు నీటిని పీల్చడం మరింత కష్టమవుతుంది. కనుక కొత్త చిగురు వచ్చి నిలదొక్కుకునేదాకా ఎరువు వేయరాదు.

మధ్యాహ్నం వాడిన మొక్క తెల్లవారేసరికి తేరుకుంటే భయంలేదు. ఉదయం కూడా వాడే ఉంటే మట్టిని పరీక్షించాలి. ఆకులన్నీ రాలినా నిరాశ పడనవసరంలేదు. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీకినప్పుడు లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. ఈ పరీక్ష చేయకుండా ఎండిపోయిందని పీకివేసిన పొదలలో బతకవలసినవీ ఉంటాయి.

చిగుళ్ళు వచ్చాక రెండు వారాలలో నీడను క్రమంగా తొలగించాలి. మృగశిర చినుకులు పడితే మొక్కకు ఊరట కలుగుతుంది. ఆ ఏడు పూలు కొద్దిగానే పూయవచ్చు. వేరు కుదిరిన పొద మరుసటి వేసవికి కొత్త వాకిట్లో పాత పరిమళాన్నే వెదజల్లుతుంది.

అర్థాలు

తావు = చోటు
స్థానచలనం = చోటు మారడం
బహువార్షికం = అనేక సంవత్సరాలు జీవించేది
ఊరట = ఉపశమనం
పరిమళం = సువాసన

ప్రశ్నలు

1. తావు మారిన మొక్కను రాబడి తగ్గిన సంసారంతో ఎందుకు పోల్చారు?
2. అధికంగా నీరు పోయడం, ఎరువు వేయడం వల్ల కలిగే హాని ఏమిటి?
3. ఆకులు రాలిన మొక్కలో ప్రాణం ఉన్నదీ లేనిదీ ఎట్లా తెలుసుకోవచ్చు?