కాకిబంగారం సందుల్లో కరెంటు

మా అమ్మ మిద్దె తోట కుండీల్లో మట్టితో పాటు తళతళలాడే పెళుసు ముక్కలు కొన్ని కలుపుతుంది. తడి నిలుస్తుందట. ప్యాకెట్ మీద పేరు వర్మిక్యులైట్. అదే పేరు ఒక నానోఫ్లూయిడిక్స్ పేపర్లో కనబడేసరికి నాకు నవ్వొచ్చింది. నానో అంటే తెల్లకోట్లు, కోట్ల రూపాయల మెషిన్లు అనుకునేవాణ్ణి మరి.

వర్మిక్యులైట్ అభ్రకానికి దగ్గర చుట్టం. అభ్రకం అంటే గూడూరు గనుల్లో తవ్వే కాకిబంగారమే. రెండూ పుస్తకంలో పేజీల్లా రేకులు రేకులుగా ఉంటాయి. 2015లో అమెరికాలోని నార్త్‌వెస్ట్రన్ యూనివర్సిటీలో జియాషింగ్ హువాంగ్ బృందం వర్మిక్యులైట్‌ని మామూలు ఉప్పు నీళ్ళలో, తర్వాత లిథియం క్లోరైడ్ నీళ్ళలో మరిగించి ఆ రేకుల్ని విడదీసింది. వాటిని మళ్ళీ వడగడితే ఒకదాని మీద ఒకటి సర్దుకుని పల్చటి కాగితంలా తయారయ్యాయి. 500 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడా అది చెడలేదు. ఆ పేపర్ రాసినవాళ్ళలో ఐఐటీ గువాహటికి చెందిన కల్యాణ్ రైడోంగియా కూడా ఉన్నారు.

అసలు సంగతి రేకుల్లో కాదు, సందుల్లో ఉంది. ఇది ఫోన్లో అమ్మమ్మకి చెప్పబోతే "అయాన్ అంటే ఏంట్రా?" అంది. ఇంటర్లో బట్టీపట్టిన ఇంగ్లీష్ డెఫినిషన్ నోటిదాకా వచ్చింది, తెలుగు రాలేదు. కాసేపు ఆలోచించి ఇలా చెప్పాను: ఉప్పు నీళ్ళలో కరిగితే రెండు ముక్కలవుతుంది, ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్. వర్మిక్యులైట్ రేకుల్లో కొన్ని సిలికాన్ల చోట అల్యూమినియం కూర్చుని ఉంటుంది. అందుకే రేకుకి ఎప్పుడూ మైనస్ ఛార్జే. పెద్ద పైపులో అయితే గోడ ఛార్జ్‌ని ఎవరూ పట్టించుకోరు. కానీ సందు నానోమీటరంత ఇరుకైతే ఎటు జరిగినా గోడే. మైనస్‌ని గెంటేస్తుంది, ప్లస్‌ని రానిస్తుంది. (మా సీఎస్ఈ వాళ్ళకి ఇదొక ఇఫ్ కండిషన్.)

ఈ కాగితానికి ఒక పక్క ఉప్పునీళ్ళు, ఇంకో పక్క మంచినీళ్ళు పెడితే ప్లస్‌లు మాత్రమే ఇవతలికి దాటుతాయి. వోల్టేజ్ పుడుతుంది. ఉప్పు తేడా పది రెట్లుంటే లెక్క ప్రకారం గరిష్ఠంగా 59 మిల్లీవోల్టులు. అంటే ఒక్క టార్చిలైట్ బ్యాటరీకి సమానం కావాలంటే 25కి పైగా కాగితాలు వరసగా కలపాలి.

అమ్మమ్మది అంతర్వేది పక్క ఊరు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే, అంటే ఈ రెండు రకాల నీళ్ళూ ఆవిడ గుమ్మం ముందే ఉన్నాయి. అంతా విని, "బానే ఉంది గానీ, ఆ సందుల్లో గోదారి బురద కూరుకుపోదూ?" అంది.

కూరుకుపోతుంది. ముందు నీళ్ళు వడగట్టాలి, దానికి మోటారు కావాలి, ఆ మోటారు తాగే కరెంటు వచ్చినదాంట్లోంచి తీసెయ్యాలి. మిగిలేదెంతో నేనింకా లెక్క వేస్తున్నాను.