ప్రోగ్రాము వ్రాయు పలక: ఎడిటరును అమర్చుకొను విధము

కంప్యూటరుచేత పని చేయించుటకై వ్రాయబడు ఆజ్ఞల వరుసకు ప్రోగ్రామని పేరు. దానిని వ్రాయుటకు మనకు పలకవలె నుపయోగపడునది ఎడిటరు. ఉత్తరములు, ప్రశ్నపత్రములు వ్రాసికొను వర్డ్ ప్రాసెసరు ఈ పనికి తగదు. అది మనము వేసిన నిటారు ఉద్ధరణచిహ్నములను అందముకొఱకు వంకర చిహ్నములుగా మార్చివేయును. పైథాను మొదలగు భాషలు వానిని అంగీకరింపవు. ఎడిటరన్ననో వ్రాసిన గుర్తును వ్రాసినట్లే నిలుపును. బ్రామ్ మూలెనార్ 1991వ సంవత్సరమున వెలువరించిన విమ్ మొదలుకొని నేటి విజువల్ స్టూడియో కోడ్ వఱకు ఇట్టివి పెక్కులు గలవు. వీనిలో ఏది మేలని బాలురు వాదులాడుకొనుచుందురు. ఆ వాదముకంటె చేతనున్నదానిని మన పనికి దిద్దుకొనుట మిన్న యని మేము తలచుచున్నాము.

దిద్దుబాటులలో మొదటిది, కంటికి కానరానిదానిని కనబడునట్లు చేసికొనుట. పైథానునందు ఏ ఆజ్ఞ దేనికి లోబడినదో పంక్తి మొదట విడిచిన ఖాళీయే తెలుపును. ఆ ఖాళీని స్పేసులతో నింపవచ్చును, ట్యాబులతోను నింపవచ్చును. చూపునకు రెండును ఒక్కటే. ఒకే భాగమున రెండును కలగాపులగమైనచో పైథాను 3 ఆ ప్రోగ్రామును నడుపక తిరస్కరించును. పంక్తులన్నియు తిన్నగనే కనబడుచుండగా తప్పెక్కడ నున్నదో తెలియక విద్యార్థి తల పట్టుకొని కూర్చుండును. కావున ట్యాబు మీట నొత్తినపుడు 4 స్పేసులు పడునట్లు నియమింపవలెను. పైథాను శైలినియమము కూడ 4 స్పేసులనే చెప్పుచున్నది. స్పేసులు చుక్కలుగను, ట్యాబులు బాణములుగను కనబడునట్లు చేయు ఏర్పాటు చాల ఎడిటరులలో నున్నది. దానిని తెఱచి యుంచవలెను. పంక్తిసంఖ్యలను మఱువరాదు, తప్పును తెలుపు సందేశము పంక్తిసంఖ్యతోనే వచ్చును గదా.

తెలుగువారి మగుటచే మనకీ జాగ్రత్త ఇతరులకంటె నెక్కువ కావలయును. మన యూరిపేరే తీసికొందము. "ఆత్మకూరు" అనుదానిని చదివినపుడు నాలుగక్షరములు. ఎన్నని పైథాను నడిగినచో 8 అని చెప్పును. ఏలయనగా 1991లో వెలువడిన యూనికోడునందే తెలుగునకు స్థానము లభించినది గాని, అందు గుణింతపు గుర్తులును, పొల్లును వేర్వేరు సంకేతములు. "త్మ" అనగా త, పొల్లు, మ అను మూడు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు గైకొనును గనుక మన యూరిపేరునకు 24 బైట్లు. మార్కులపట్టికను ముద్రించు ప్రోగ్రాములో "రాము"నకు 4, "లక్ష్మి"కి 7 లెక్కకు వచ్చును. చూచుటకు రెండును రెండేసి యక్షరములే. ఈ లెక్కతో నిలువు వరుసలు దిద్దినచో పట్టిక వంకర పోవును.

పొల్లుకంటె చిక్కైనది మఱియొకటి గలదు. "పాస్‌మార్కులు" అని వ్రాయునపుడు స, మ లు ఒత్తుగా కలియకుండ నడుమ నొక అదృశ్యచిహ్నము పడును. వార్తలలో దానివలన చెఱుపు లేదు. పైథాను 3లో తెలుగు పేర్లను చరరాశులకు పెట్టుకొనవచ్చును. కాని ఆ పేరులో ఈ చిహ్నమున్నచో అది చెల్లదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరమున నిట్టి చిహ్నమే చేరిన యొక రూపము సందేశముగా వచ్చిన, ఐఫోనులలో ఆ సందేశముల యాప్ మూతపడుచుండెను. ఆపిల్ సంస్థవారు ఆ నెలలోనే సవరణ పంపిరి. లోకమంతటి కంప్యూటరు నిపుణులు మన "జ్ఞా"ను గూర్చి మాటలాడుకొన్న వారమది!

ఫైలును దాచునపుడు యూటీఎఫ్-8 అని యెంచుకొనుడు. పాత నోట్‌ప్యాడులో ఆన్సీ యని దాచిన తెలుగంతయు ప్రశ్నార్థకములుగా మాఱును. మూసిన పిమ్మట దానిని తిరిగి తెచ్చుట యసాధ్యము. 2019 నాటి విండోస్ 10 కూర్పునుండి నోట్‌ప్యాడు తనంతట యూటీఎఫ్-8నే గైకొనుచున్నది. ప్రాతయంత్రముల మీద పనిచేయువారు మాత్రము ప్రతిసారి చూచుకొనవలెను.

మీటల సంగతి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో సెమికోలను చోట చకారము, ఉద్ధరణచిహ్నము చోట టకారము, చదరపు కుండలి చోట డకారము వచ్చును. తెలుగు మాట వ్రాసి, చిహ్నమునకై ఆంగ్లమునకు మరలుట ప్రతి పంక్తిలోను తప్పదు. మౌసుతో మార్చుకొనువాని కిది విసుగు పుట్టించును. విండోస్ మీటను, స్పేసును కలిపి యొత్తినచో క్షణములో మాఱును.

ఇక కంటి సుఖము. ఆంగ్లమునకు ప్రతి యక్షరము సమానమగు వెడల్పు గల ఫాంటును, దాని వెనుక తెలుగునకు వేఱొక ఫాంటును నియమింపవలెను. తిరుమల కృష్ణ దేశికాచారిగారు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు ఉచితముగా లభించును. ఆంగ్లమునకు చాలిన పంక్తి యెత్తు మనకు చాలదు: "రాష్ట్రము", "స్త్రీ" యని వ్రాసినచో క్రిందివత్తులు తెగిపోవును, లేదా క్రింది పంక్తి గుడులను తాకును. అక్షరపు పరిమాణమునకు ఒకటిన్నర రెట్లు ఎత్తు పెట్టినచో చదువుట తేలిక. నల్లని తెర మేలా, తెల్లని తెర మేలా యన్నది గదిలోని వెలుతురును బట్టి యుండును; కిటికీ ప్రక్కన కూర్చుండువానికి నల్లని తెర అద్దమై తన ముఖమునే చూపును.

పాఠశాలయందు ఒక్క కంప్యూటరునకు పలువురు కూర్చుందురు. నేడు మనము చేసిన యమరికలను రేపు మఱియొకరు మార్చవచ్చును. విమ్, విజువల్ స్టూడియో కోడ్ వంటివానిలో అమరికలన్నియు నొక చిన్న ఫైలులో నుండును. దాని నకలును పెన్ డ్రైవులో దాచుకొన్నచో ఏ యంత్రము ముందైనను నిమిషములో తమ పలకను తాము పఱచుకొనగలరు.