యూనిఫాం ఉంటేనే ఉద్యోగం

అమెరికాలో పార్ట్‌టైమ్ సైనిక దళమైన నేషనల్ గార్డ్ హ్యాంగర్‌లో మంగళవారం పొద్దున హెలికాప్టర్ ఇంజన్ విప్పుతున్న మెకానిక్ ఒంటి మీద సైనిక దుస్తులే ఉంటాయి. కానీ ఆ రోజు అతనికి వచ్చేది సివిల్ జీతం. నెలకో వారాంతం డ్రిల్‌కి వెళ్లినప్పుడు వచ్చేది సైనిక వేతనం. ఇతన్ని డ్యూయల్ స్టేటస్ టెక్నీషియన్ అంటారు. గార్డ్‌లో ఈ ఏర్పాటుకు ఆధారం 1968 చట్టం. అక్కడ స్థిరపడ్డ మన ఇళ్ల పిల్లలు ఈ ఉద్యోగానికి వెళ్తుంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: గార్డ్ సభ్యత్వం పోతే, పనిలో ఎంత నేర్పరి అయినా సివిల్ కొలువు కూడా పోతుంది.

అందుకే దెబ్బ తగిలిన రోజే అది ఏ హోదాలో తగిలిందో కాగితం మీదకి ఎక్కించండి. మంగళవారం నిచ్చెన మీంచి జారితే సివిల్ ఉద్యోగంలో గాయాన్ని నమోదు చేసే సీఏ-1 ఫారం. 30 రోజుల్లోగా ఇస్తే, పని చేయలేని రోజులకు 45 రోజుల దాకా జీతం ఆగదు. అదే డ్రిల్‌లో జారితే దారి వేరు, విధి నిర్వహణలో తగిలిన గాయమని సైన్యం వైపు నమోదు చేయించాలి. ఒకే మోకాలు, ఒకే నిచ్చెన, రెండు ఫైళ్లు. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఇలాంటి పోస్టులు ఎన్ని ఉండాలో అమెరికా కాంగ్రెస్ ఏటా రక్షణ చట్టంలో తేలుస్తుంది. మామూలు సివిల్ కోతలు వీటికి వర్తించవు, సైనిక దళాలను తగ్గించినప్పుడే వీటినీ తగ్గించాలి. కాబట్టి కోతల పుకారు వినిపిస్తే మీ యూనిట్ ఉంటుందా లేదా అని అడగండి.

సైనిక అర్హతకు సంబంధించిన వివాదంలో రాష్ట్ర గార్డ్ అధిపతి అయిన అడ్జుటెంట్ జనరల్ మాటే ఆఖరు. ఇది నాకు న్యాయంగా తోచదు.  అయితే టెక్నీషియన్ల యూనియన్ హక్కును ఒహాయో గార్డ్ కేసులో 2023లో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

సైనిక సేవకు ఆరోగ్యం సరిపోతుందో లేదో తేల్చే వైద్య బోర్డు నుంచి నోటీసు వస్తే కంగారుపడి రాజీనామా రాయకండి. సభ్యత్వం పోయి ఉద్యోగం ఊడినా, 25 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి, లేదా 50 ఏళ్ల వయసు నిండి 20 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి వెంటనే పెన్షన్ దొరికే వీలుంది. సర్వీసు లెక్క రాతపూర్వకంగా తీసుకుని, యూనియన్ ప్రతినిధికి చూపించాకే దేని మీదైనా సంతకం పెట్టండి.