హద్దురాయి దాకా రావలసిన చట్టం

నీ వాదన నిలిచేది కాదమ్మా. చట్టాన్ని కొలిచినట్టు రాస్తే అక్రమార్కులు సందులు వెతుక్కుంటారని, కాబట్టి విశాలమైన మాటలతో రాయడమే మేలని నీవు రాశావు. ఆ విశాలత ఎవరి చేతిలో ఆయుధమవుతుందో మాత్రం ఆలోచించలేదు. సందు దొరికితే శాసనసభ దాన్ని సవరణతో పూడ్చవచ్చు, ఆ సవరణ అందరికీ ఒకేలా వర్తిస్తుంది; అస్పష్టత అలా కాదు, ఉన్నవాడు వకీలును పెట్టుకుని బయటపడితే లేనివాడు భయంతోనే లొంగిపోతాడు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ తీవ్ర అభ్యంతరకర సందేశాలకు మూడేళ్ల దాకా జైలు విధిస్తూనే, ఏది అభ్యంతరకరమో నిర్వచించలేదు. అందుకే 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టివేసింది.

అయితే జంగారెడ్డిగూడెంలో చదువుకుంటూ, ఏలూరు దాటగానే కనిపించే కొల్లేరు సరస్సును వదిలి దూరపు ఉదాహరణలతోనే తృప్తిపడటం తగదు. 1999లో ప్రభుత్వం కొల్లేరును ప్లస్ ఐదు కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న బిందువులను కలిపే రేఖ వరకు, అభయారణ్యంగా ప్రకటించింది. ఇది వస్తునిష్ఠమైన నియమం. పాటించే రైతూ అమలుచేసే అధికారీ విడివిడిగా కొలిచినా ఒకే జవాబుకు చేరగలగడమే వస్తునిష్ఠత. కానీ కొల్లేరు నేల చదునైనది, ఎత్తులో అడుగు తేడా వస్తే హద్దు ఎంతో దూరం జరుగుతుంది. గట్టు మీద నిలబడ్డ రైతు కంటికి నాలుగున్నర అడుగులూ ఐదడుగులూ ఒకటే. సర్వేయరు లెవెలు పెట్టి కొలిచి రాయి పాతిన చోటనే ఆ అంకె చట్టమవుతుంది, రాయి లేనిచోట అది మళ్లీ అస్పష్టతగానే మిగులుతుంది.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచాక, దానిలో చిక్కుకున్న జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూముల గురించీ, హద్దును ప్లస్ మూడు కాంటూరుకు తగ్గించాలన్న కోరిక గురించీ ఏళ్ల తరబడి వివాదం సాగింది. హద్దు తెలియకపోతే అమాయకుడు నష్టపోతాడు, ఆక్రమణదారు తెలియదని తప్పించుకుంటాడు, సరస్సు కూడా కుంచించుకుపోతుంది. స్పష్టత రైతుకెంత రక్షణో, ఆ సరస్సు మీద బతికే గూడబాతులకూ అంతే రక్షణ.

కనుక ఇకపై ఏ చట్టం చదివినా, దాని ఉద్దేశం ఎంత గొప్పదో చూసి మురిసిపోకు. దాన్ని పాటించవలసినవాడు పని మొదలుపెట్టకముందే, ఎవరి దయా అడగకుండా, తన హద్దు తెలుసుకోగలడా అని ముందు ప్రశ్నించు.