డెక్స్టర్ ఎవరి కోసం ఏడ్చాడు?



వర్నిలో నిజాంసాగర్ కాలువ కింద నాట్లేసే కూలి తల్లి కొడుకు దుబాయ్ పోయి నాలుగు పైసలు సంపాదించాలనుకుంటే తప్పా? కానే కాదు. సంపాదన నాలుగు పాళ్లు చేసి, ఒకటి అనుభవించు, రెండు పనిలో పెట్టు, ఒకటి ఆపదకు దాచుకో అని భగవానుడే సిగాలుడికి చెప్పాడు.

మరి దుఃఖం ఎక్కడ పుడుతుంది? అమెరికా రచయిత ఫిట్జ్‌జెరాల్డ్ 1922లో రాసిన 'వింటర్ డ్రీమ్స్' కథ చూడండి. కిరాణా కొట్టాయన కొడుకు డెక్స్టర్, గోల్ఫ్ మైదానంలో ధనవంతుల సంచులు మోస్తాడు. అక్కడే పెద్దింటి పిల్ల జూడీని చూస్తాడు. పెద్దయ్యాక లాండ్రీలు పెట్టి ధనవంతుడవుతాడు. జూడీ మాత్రం దక్కదు. ఆమె కోసం ఇంకో అమ్మాయితో కుదిరిన పెళ్లి కూడా చెడగొట్టుకుంటాడు. ఏళ్ల తర్వాత, జూడీ భర్త చేతిలో బాధపడుతోందనీ, అందం వాడిపోయిందనీ విని ఏడుస్తాడు. ఏడ్చింది ఆమె కష్టానికి కాదు, తన కల పోయినందుకు. అదే తణ్హ. అక్కడ కరుణ లేదు.

అతనికి జూడీ మనిషి కాదు, పెద్దింటి గుమ్మం. మనకూ అలాంటి గుమ్మాలున్నాయి: పైకులం వాళ్ల మెప్పు, వాళ్ల పక్కన కుర్చీ. బాబాసాహెబ్ మనకు నేర్పింది ఆత్మగౌరవం.

ఈ రాత్రి కూర్చుని మిమ్మల్ని మీరే అడగండి: నేను కోరేది నా బతుకు బాగుకా, వాళ్ల మెప్పుకా?