నీలిపూల చేదు మొక్క

కటుకరోహిణి పేరు విన్నారా? మూలికల కొట్లో అడిగితే మట్టిరంగు పుల్లల్లాంటి ఎండు ముక్కలు పొట్లం కట్టి ఇస్తారు. నాలుక మీద పెడితే చేదు. అబ్బో, వేపాకే నయం అనిపిస్తుంది! ఆయుర్వేదంలో జ్వరానికి, కాలేయం జబ్బులకు వాడతారు. వైద్యుణ్ణి అడగకుండా మాత్రం వాడకండి.

ఇది మన నేలలో పుట్టిన మొక్క కాదు. హిమాలయాలలో పుట్టింది. అక్కడ 3,000 మీటర్లు దాటిన ఎత్తులో, చెట్లు పలచబడిన చోట, రాళ్ళ సందుల్లో పెరుగుతుంది. మొక్క జానెడు ఉంటుంది, అంతే. వేసవిలో చిన్న చిన్న నీలిపూలు కంకిలాగా పూస్తాయి. చలికాలం రాగానే ఆకులు ఎండిపోతాయి. పైన మంచు కప్పేస్తుంది. మొక్క చచ్చిపోయిందనుకుంటాం. కాని నేల కింద కాండం బతికే ఉంటుంది. మంచు కరిగాక మళ్ళీ చిగురు వేస్తుంది.

రాళ్ళ మధ్యనే ఎందుకు? అక్కడ నీరు నిలవదు. రాయి కింద నేల చల్లగా ఉంటుంది, తడి తొందరగా ఆరదు. ఈ మొక్కకు తడి కావాలి. నీరు నిలిస్తే మాత్రం కుళ్ళిపోతుంది. మన పెరట్లో రాళ్ళు పేర్చి పెంచుదామా అంటారేమో! మన ఎండకు బతకదు.

మందుకు పనికొచ్చేది నేల కింది కాండం, వేళ్ళు. ఆకు కోస్తే మళ్ళీ వస్తుంది. అడుగంటా తవ్వేస్తే ఇంకేం మిగులుతుంది? అలా తవ్వి తవ్వి కొండలమీద ఈ మొక్క తరిగిపోయింది. అందుకే 1997లో దేశాల మధ్య దీని వ్యాపారానికి కట్టుబాట్లు పెట్టారు.

ఉత్తరాఖండ్ రాష్ట్రంలో చమోలీ జిల్లా ఉంది. ఆ జిల్లాలోని ఘేస్ గ్రామంలో రైతులు దీన్ని పొలంలోనే పండిస్తున్నారు. అక్కడ దీన్ని కుట్కీ అంటారు. విత్తనాలు మరీ సన్నం, వాటితో మొక్క పెంచడం కష్టం. అందుకని కాండాన్ని వేళ్ళతో సహా ముక్కలు చేసి నాటుతారు. పశువుల ఎరువు వేస్తారు, కలుపు తీస్తారు. ఇవన్నీ ఏ రైతుకైనా తెలిసిన పనులే. కష్టమల్లా ఎదురుచూడడం. పంట చేతికి రావడానికి సుమారు మూడేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ ఇల్లు గడవాలి కదా! ఉన్న పొలమంతా దీనికే వేస్తే చిక్కే.

అమ్మేటప్పుడు ఇంకో చిక్కు. ఎండిన వేరును చూసి అది కొండమీద తవ్విందో, పొలంలో పండిందో ఎవరు చెప్పగలరు? అందుకే రైతు ముందుగానే పంటను నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే సరుకు దారిలోనే ఆగిపోవచ్చు. కాగితం తీసుకునేటప్పుడు పేరు, పొలం వివరాలు సరిగా రాశారో లేదో అక్కడే చదివి చూసుకోవాలి.